ఒక్క గిన్నె వంటలో కర్త ఎవరు?

“ఇంకా వంటింటి దగ్గరే ఆగిపోయారేమిటమ్మా మీరు?” అన్నారు అధ్యక్షస్థానంలో కూర్చున్న పెద్దాయన. తెలుగు స్త్రీల కవిత్వంలో వంటిల్లు అన్న విషయం మీద ఒక విశ్వవిద్యాలయం సెమినార్లో నేను పత్రం చదివి కూర్చోబోతున్నాను. ఆయన గొంతులో కోపం లేదు, జాలి ఉంది. “విమల ‘వంటిల్లు’ రాసిన రోజులు వేరు. ఇప్పుడేముంది? మా కోడలు ఆఫీసు నుంచి వచ్చి ఒక్క గిన్నెలో పాస్తా పడేస్తుంది. ఇరవై నిమిషాలు. చవక, ఆరోగ్యం, పిల్లలకి ఇష్టం. ఇంటిల్లిపాదీ తింటాం. ఆ సమస్య తీరిపోయింది. ఇక మీరు వేరే ఏదైనా మాట్లాడాలి.”

హాలు నవ్వింది. నవ్వినందుకు బాధ లేదు. ముందు వరసలో కూర్చున్న స్త్రీలు, నాకంటే పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు, తలలూపారు. వాళ్ళలో ఇద్దరు అంతకు గంట ముందే, భోజన విరామంలో, ఇంటికి ఫోన్ చేసి ఫ్రిజ్‌లో రెండో అరలో సాంబారుందనీ, వేడి చేసుకోమనీ చెప్పడం నేను విన్నాను.

వేదిక మీద నాకు జవాబు తట్టలేదు. మర్నాడు పంతానికి అదే వండాను. గడియారం చూసుకుంటూ, పక్కన కాగితం పెట్టుకుని మరీ వండాను. పరిశోధన చేసినదాన్ని కదా, ఆధారం లేకుండా మాట్లాడకూడదు.

ముందు వంటకానికి న్యాయం చెయ్యాలి. నాకు పాస్తా మీద కోపం లేదు. మా అమ్మాయికి ఇష్టం, నాకూ ఇష్టమే. మామూలు పద్ధతిలో పాస్తాని పెద్ద గిన్నెలో ఉడికించి, గంజి వార్చినట్టు నీళ్ళు వార్చి, వేరే మూకుడులో చేసిన సాస్‌లో కలుపుతారు. ఒక్క గిన్నె పద్ధతిలో వార్చడం ఉండదు. పాస్తా, కూరగాయలు, నీళ్ళు అన్నీ కలిసే ఉడుకుతాయి. పాస్తాలోని పిండిపదార్థం ఆ నీళ్ళలోనే ఉండిపోయి అదే చిక్కటి సాస్ అవుతుంది. అమెరికాలో మార్తా స్టీవర్ట్ పత్రిక 2013లో దీన్ని అచ్చువేశాక దేశదేశాలు తిరిగింది. మనకి ఇందులో కొత్తేమీ లేదు. పులగం, కట్టుపొంగలి, సేమియా ఉప్మా ఈ సూత్రం మీదే నడుస్తాయి. మన హైదరాబాదు కంపెనీ బాంబినో సేమియా తిని పెరిగిన తరం మాది. పాస్తాని మా అత్తయ్య ‘గొట్టాల సేమియా’ అంటారు. ఆ మాటలో తప్పేమీ లేదు, రెండూ గోధుమ రవ్వతో చేసేవే.

వంటల పేజీల్లో రాసే పద్ధతిలోనే రాస్తాను. నలుగురికి 400 గ్రాముల పాస్తా తీసుకోవాలి. గుప్పెడు కాబూలీ శనగలు పొద్దున్నే నానబెట్టుకుని, సాయంత్రం కుక్కర్లో ఉడికించి పెట్టుకోవాలి. రెండు ఉల్లిపాయలు, అరకిలో టమాటాలు, రెండు క్యారెట్లు, ఒక క్యాప్సికం, గుప్పెడు బీన్స్ తరుక్కోవాలి. వెడల్పాటి గిన్నెలో మూడు చెంచాల నూనె పోసి వెల్లుల్లి, ఉల్లి వేయించుకోవాలి. టమాటా మగ్గాక కూరముక్కలు, పాస్తా, శనగలు, తగినంత ఉప్పూ కారం వేసి లీటరు నీళ్ళు పోసుకోవాలి. మూత పెట్టి, అడుగంటకుండా మధ్యమధ్య కలుపుకుంటూ పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉడికించుకోవాలి. కాస్త నీరు ఉండగానే దించుకుని, మిరియాల పొడీ, తురిమిన చీజూ చల్లుకోవాలి.

చదివారు కదా. ఇందులో కర్త ఎక్కడ? తీసుకోవాలి, నానబెట్టుకోవాలి, తరుక్కోవాలి, దించుకోవాలి. ఎవరు? తెలుగులో వంట గురించి రాసినదంతా దాదాపు ఈ వ్యాకరణంలోనే ఉంటుంది. సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న నవలాకారిణి మాలతీ చందూర్ పేరు చెబితే మా బంధువుల ఇళ్ళలో ముందు గుర్తొచ్చేది ‘హృదయనేత్రి’ కాదు, ‘వంటలు పిండివంటలు’. (అది వేరే బాధ, ఇంకోసారి రాస్తాను.) ఎవరు తరగాలో, ఎవరు దించాలో ఏ వంటల పేజీలోనూ చెప్పరు. చెప్పకపోయినా చదివేవాళ్ళెవరికీ సందేహం రాదు. కర్తని రాయనక్కరలేనంత స్పష్టంగా తెలిసిన వాక్యాలు తెలుగులో ఇన్ని ఇంకెక్కడా కనిపించవు నాకు.

అంతకంటే తమాషా ఆ ‘కోవాలి’లో ఉంది. క్రియకి ‘కొను’ చేరితే పని ఫలం చేసినవాళ్ళకే చెందుతుందని తరగతిలో పాఠం చెబుతాం. దాచుకోవడం, రాసుకోవడం, తెచ్చుకోవడం. భాషాశాస్త్ర మిత్రులు ‘కొను’కి ఇంకా అర్థాలున్నాయని దెబ్బలాటకొస్తారు, ఉన్నాయి, కాదనను. కానీ నలుగురి కోసం చేసే వంటలో తరుక్కోవడం, వేయించుకోవడం ఏమిటి? ఆమె తన కోసం తాను చేసుకునే సొంత పని వంట అని మన క్రియాపదమే నమ్మేసింది. పితృస్వామ్యానికి ఎప్పుడూ పెద్ద పెద్ద సిద్ధాంతాలే అక్కర్లేదు, ఒక్కోసారి ప్రత్యయం చాలు. హిందూ చట్టం ఉమ్మడి కుటుంబ పెద్దని ‘కర్త’ అనే పిలుస్తుంది. వంట వాక్యంలో కనిపించని కర్త ఆస్తి కాగితాల్లో మాత్రం నిండుగా ఉన్నాడు.

ఇక నా కాగితంలో రాసినది. పొద్దున్న ఆరున్నరకి, టీ పెడుతూ, శనగలు నానేశాను. ఇది నిమిషం పని. కానీ రాత్రి వంటకి ఏం కావాలో పొద్దున్న ఆరున్నరకి గుర్తుండటం నిమిషం పని కాదు. సాయంత్రం ఒక స్టేషన్ అవతల భరత్‌నగర్‌లో మెట్రో దిగి మార్కెట్లో కూరగాయలు కొన్నాను. పది నిమిషాల్లో తెచ్చిచ్చే ఆప్‌లు ఉన్నాయి, కానీ టమాటా ధరలో తేడా తెలుస్తుంది. 2023 జూలైలో కిలో వంద దాటినప్పటి నుంచి టమాటా దగ్గర చెయ్యి తడుముకోవడం అలవాటైంది. మార్కెట్‌కి ముప్ఫై అయిదు నిమిషాలు. కడగడం, తరగడం ఇరవై అయిదు. పొయ్యి దగ్గర, సరిగ్గా పెద్దాయన చెప్పినట్టే, ఇరవై. అత్తయ్య రాత్రిపూట గొట్టాల సేమియా తినరు. ఆమెకి అన్నం, చారు, ఇంకో ఇరవై అయిదు. వడ్డించి, మిగిలినవి సర్ది, గట్టు తుడిచి, పాలు తోడువేసేసరికి ముప్ఫై. మొత్తం రెండుంబావు గంటలు.

సింకులో గిన్నెలు కూడా లెక్కపెట్టాను. పాస్తా గిన్నె, దాని మూత, శనగల కుక్కరు, అన్నం గిన్నె, చారు గిన్నె, కూరగాయలు కడిగిన చిల్లుల గిన్నె, తరిగిన పీట, చాకు, చీజ్ తురుముకున్న పీట, గరిటెలు మూడు, పెరుగు గిన్నె. కంచాలు కాకుండా పదమూడు.

ఒక్క గిన్నె వంట అబద్ధం అని నేను అనటం లేదు. ఇరవై నిమిషాలు నిజమే. ఆ ఇరవై నిమిషాల ముందూ వెనకా ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే అబద్ధం. వంటిల్లు అంటే పొయ్యి అనుకునేవాళ్ళు చేసే పొరపాటు ఇది. పొయ్యి దగ్గర ఎప్పుడూ నిలబడనివాళ్ళకి వంటలో కనిపించేది మంట ఒక్కటే.

‘చవక’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. మాకు ఆ రాత్రి సుమారు రెండువందల ఇరవై రూపాయలు అయింది. పనీర్ వేస్తే ఇంకా అయ్యేది. పనీర్ బదులు శనగలు వేశాను కాబట్టి తగ్గింది. పనీర్ ప్యాకెట్ కోసుకుంటే చాలు. శనగలు గుర్తుపెట్టుకోవాలి, నానెయ్యాలి, కుక్కరు ఎక్కించాలి, ఆ కుక్కరు కడగాలి. సాస్ సీసా బదులు అరకిలో టమాటా తరిగాను, అక్కడా మిగిలింది. మూత తిప్పే ఆప్ బదులు మార్కెట్లో బేరం చేశాను, అక్కడా మిగిలింది. ప్రతిచోటా రూపాయి తగ్గినచోట నా నిమిషాలు పెరిగాయి. మధ్యతరగతి ఇంట్లో పొదుపు అంటే చాలావరకు ఇదే: డబ్బు పెట్టాల్సినచోట ఆడమనిషి సమయం పెట్టడం. నేను గెస్ట్ ఫాకల్టీగా పాఠం చెబితే గంటకింత అని కట్టిస్తారు, అది ఎంత తక్కువో ఈ పత్రిక పాఠకులకి చెప్పక్కర్లేదు. ఆ రేటే వేసినా మా ఇంటి చవక పాస్తా మాదాపూర్ హోటళ్ళలోకన్నా ఖరీదు తేలింది.

“పనిముట్లు మారితే పని తగ్గుతుంది కదా” అంటారు. రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లో ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ అనే పుస్తకంలో సరిగ్గా ఈ నమ్మకాన్నే పరీక్షకి పెట్టింది. అక్కడా పారిశ్రామిక యుగానికి ముందు ఒకే కుండలో అన్నీ వేసి ఉడికించుకునేవారు. ఇనుప పొయ్యి వచ్చింది. కట్టెలు కొట్టడం తగ్గింది, అది మగవాళ్ళ పని. ఒకేసారి నాలుగు వంటకాలు వండే వీలు వచ్చింది, అది ఆడవాళ్ళ పని అయింది. మర పిండి వచ్చి మగవాళ్ళనీ పిల్లలనీ విసిరే పని నుంచి తప్పించింది. తెల్లపిండితో కేకులు, రొట్టెలు చేసే పని తల్లికి మిగిల్చింది. పరికరం ప్రతిసారీ ఇంట్లో ఇతరుల వాటాని తీసేసి, ఆమె వాటాని అలాగే ఉంచింది, లేదా పెంచింది. మన సంగతి వేరా? మా అమ్మమ్మ ఇంట్లో కట్టెలు చీల్చింది తాతయ్య. గ్యాస్ బండ వచ్చాక తాతయ్యకి పని పోయింది. అమ్మమ్మకి రెండో పొయ్యి వచ్చింది, రెండో పొయ్యి మీద రెండో కూర వచ్చింది. ఇప్పుడు నాలుగు బర్నర్ల స్టౌ మీద ఒక్క గిన్నె వండడం కొత్త ఫ్యాషన్. చుట్టు తిరిగి మొదటికే వచ్చాం, కట్టెలు చీల్చేవాడు మాత్రం తిరిగి రాలేదు.

అంకెలు కావాలంటే అంకెలూ ఉన్నాయి. కేంద్ర గణాంక శాఖ 2019లోనూ 2024లోనూ దేశమంతా ఎవరి సమయం ఎటు పోతోందో సర్వే చేసింది. జీతంలేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు 2019లో రోజుకి సగటున 299 నిమిషాలు, 2024లో 289 నిమిషాలు పనిచేశారు. పాల్గొన్న పురుషులు 97 నిమిషాల నుంచి 88కి వచ్చారు. ఈ రెండో అంకె పాల్గొన్నవాళ్ళ సగటు మాత్రమే, అసలు చెయ్యి తడపని వాళ్ళు ఇందులో లేరు, వాళ్ళే ఎక్కువ. అయిదేళ్ళలో స్త్రీలకి పది నిమిషాలు తగ్గాయి. పురుషులకీ తొమ్మిది నిమిషాలు తగ్గాయి! తేడా 202 నిమిషాల నుంచి 201కి వచ్చింది. ఒక్క గిన్నె వంటలు, ఆప్‌లు, మిక్సీలు, గిన్నెలు కడిగే యంత్రాలు అన్నీ కలిసి సాధించిన సమానత్వం ఒక నిమిషం.

మా ఇంట్లో కూడా ఇదే లెక్క నడిచింది. నా సహచరుడు హైటెక్ సిటీలో పనిచేస్తాడు. మంచివాడు, స్త్రీవాద సభలకి నాతో వచ్చి వెనక వరసలో కూర్చుంటాడు. 2022లో కైతలాపూర్ వంతెన తెరిచాక మూసాపేట నుంచి వెళ్ళిరావడంలో అతనికి రోజుకి అరగంట మిగిలింది. ఆ అరగంట ఎటు పోయిందో ఇద్దరం వెతికాం, కనిపించలేదు. వంటింటివైపు మాత్రం రాలేదు.

“మగవాళ్ళకి వంట రాదు, ఏం చేస్తాం” అన్న మాటని అత్తయ్యతో సహా అందరూ అంటారు. ఏ భాష మాట్లాడుతూ అంటున్నారు? వంట బాగుంటే ‘నలభీమపాకం’ అంటాం మనం. నలుడూ మగవాడే, భీముడూ మగవాడే. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు మగవాళ్ళు, హోటల్లో పాస్తా వండేది మగవాళ్ళు. స్త్రీకి వచ్చేసరికి నలుడి పక్కన స్థానం ఉండదు, అన్నపూర్ణ అనే బిరుదు ఉంటుంది. లంకల గన్నవరంలో గోదావరి దాటి వచ్చేవాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి పెట్టింది. సంతోషమే. కానీ చూడండి, పురుషుడు వండితే అది విద్య, స్త్రీ వండితే అది త్యాగం. విద్యకి రుసుం ఉంటుంది. త్యాగానికి దండం పెడితే సరిపోతుంది. ఇంట్లో పురుషుడు వండిన రోజున మన వాక్యంలోకి కర్త ఎంత ఠీవిగా వచ్చేస్తాడో గమనించారా? “ఇవాళ మా ఆయనే వండారు!” ఆ ‘ఏ’ అక్షరం మీద ఎంత బరువు ఉంటుందని!

ఈ శ్రమకి వెల కట్టడం అసాధ్యం అనేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. వెల కడుతున్నారు. చనిపోయాక కడుతున్నారు. ఒక అగ్నిప్రమాదంలో మరణించిన గృహిణుల విషయంలో సుప్రీంకోర్టు 2001లో, లతా వాధ్వా కేసులో, వాళ్ళ ఇంటి సేవల విలువ నెలకి 3,000 రూపాయలుగా లెక్కించింది. 2021 జనవరిలో ‘కీర్తి’ కేసు తీర్పులో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయంలో ఆ 2019 సర్వే అంకెలనే ఉదహరించి, గృహిణి పనికి ఆదాయం లేదనుకోవడం తప్పని చెప్పారు. గొప్ప మాట. కానీ ఈ దేశంలో వంట చేసే స్త్రీ పనికి అంకె వెయ్యడానికి నాకు తెలిసి ఉన్న చోటు నష్టపరిహారం కోర్టు. ఆమె బతికుండగా ఆ అంకెని ఎవరు చదివి వినిపిస్తారు? సిల్వియా ఫెడరిచీ 1975లోనే ఇంటిచాకిరికి జీతం అడిగింది, ప్రేమ అని మీరంటున్నదాన్ని మేము జీతంలేని పని అంటున్నామన్న అర్థంలో. ఆమె పుట్టింది పాస్తా దేశం ఇటలీలోనే. జీతం వస్తే స్త్రీ వంటింట్లోనే స్థిరపడిపోతుందన్న భయం నాకూ ఉంది, ఆ విషయంలో ఆమెతో పూర్తిగా ఏకీభవించను. కానీ పనిని పని అనిపించడానికి ముందు లెక్క అడగాలన్న పట్టుదలని వదులుకోలేను.

ఇంతవరకు రాసి ఆగితే నేనూ ఆ పెద్దాయనలాంటి దాన్నే అవుతాను. ఆ పదమూడు గిన్నెలు నేను తోమలేదు. మర్నాడు పొద్దున్న తోమింది మా ఇంట్లో పనిచేసే ఆమె. పాలమూరు నుంచి వచ్చి ఇక్కడే రేకుల ఇంట్లో ఉంటుంది. “ఏందక్కా, ఒక్క గిన్నెల వండిన్నన్నవ్, గిన్ని బోళ్ళున్నయ్?” అంది. పాస్తా సంగతి చెప్పాను. నవ్వింది. “మా ఇంట్ల రోజూ ఒక్క గిన్నెనే. ఉన్నదే ఒకటైతే ఇంకేం జేస్తం?” అని, కాసేపు ఊరుకుని, “బోళ్ళు తక్కువైతే పైసలు తక్కువిస్తరా ఏంది?” అని అడిగింది.

సెమినార్లో లేని ప్రశ్న అది. నా పత్రంలోనూ లేని ప్రశ్న. నాకు ఒక్క గిన్నె సౌకర్యం, ఆమెకి లేమి, జీతం కోత భయం. ఇంట్లో పదిహేను గిన్నెలున్నవాళ్ళకే ఒక గిన్నెలో వండడం ఆలోచనలా కనిపిస్తుంది. గటక కాచుకుని ఎండుచేపలతో తిని పనికి పోయే ఇంట్లో దానికి పేరు కూడా ఉండదు. ఆ ఎండుచేపలు వండుకునే ఆమెకి మా కాలనీలో అద్దెకి ఇల్లు దొరకదు, గేటుకి ‘శాకాహారులకే’ అని బోర్డు. మా పాస్తా శాకాహారం కావడం కూడా అమాయకమైన విషయం కాదు. అత్తయ్య కంచం, ఆ బోర్డు ఒకే చోటినుంచి వచ్చాయి. 2003లో గోగు శ్యామల ‘నల్లపొద్దు’ సంకలనం తెచ్చినప్పుడే మనం ‘వంటిల్లు’ అంటున్నది అందరి వంటిల్లూ కాదని తెలుసుకోవాల్సింది. దళిత స్త్రీలకి వంటింటికి ముందు పొలం ఉంది, పరాయివాళ్ళ వాకిలి ఉంది, ఆ తర్వాతే సొంత పొయ్యి. ఇంటిపని చేసేవాళ్ళ హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందాన్ని భారతదేశం ఇంకా ఆమోదించలేదు. మనలో ఎంతమంది దాన్ని అడిగాం? నా మటుకు నేను అడగలేదు. గిన్నెలు తగ్గినా జీతం తగ్గదని ఆమెకి చెప్పాను. అంత చెప్పడానికి ఆమె అడగవలసి వచ్చిందన్నది మాత్రం నిజం.

“అయితే వంట మానేద్దామా?” అని వెక్కిరించేవాళ్ళకి ఒక మాట. వంటని ఇంటి బయటికి తీసుకెళ్ళడం కుదరదని ఎవరన్నారు? నా సహచరుడి ఆఫీసులో వేలమందికి ఒకే వంటశాలలో మధ్యాహ్నం, రాత్రి వండిపెడతారు. కొలొంతాయ్ కలగన్న సామూహిక వంటశాల సైబరాబాదులో కంపెనీలకి సాధ్యమైంది, ఉద్యోగి కుర్చీలోంచి లేవకుండా ఉండడం కోసం. జీహెచ్‌ఎంసీ 2014లో అయిదు రూపాయల భోజనం మొదలుపెట్టింది. కూలీలకి, చదువుకునే పిల్లలకి అది ఎంత ఆసరానో లైనులో నిలబడితే తెలుస్తుంది. అంటే లాభం కోసం కుదురుతుంది, ఆకలి కోసం కొంత కుదురుతుంది. ఇంట్లో వండే స్త్రీ విశ్రాంతి కోసం అనేసరికి సంప్రదాయం, చేతి రుచి, కుటుంబ బంధం అన్నీ గుర్తొస్తాయి. చేతి రుచి సంగతి కూడా తేల్చేద్దాం. ఒక్క గిన్నె పాస్తాలో చేతి రుచి ఏమీ లేదు. కొలత ప్రకారం వేస్తే ఎవరు చేసినా ఒకలాగే ఉంటుంది. అమ్మమ్మ దగ్గర పదేళ్ళు నేర్చుకోవాల్సిన ఆవకాయ కాదది. పెద్దాయన ‘అంత సులువు’ అన్న మాట స్త్రీవాదాన్ని ఇంటికి పంపడానికి వాడారు. నేను అదే మాటని ఆయన దగ్గరికే తిప్పి పంపిస్తున్నాను. అంత సులువైతే కోడలు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఎందుకు ఆగారు? ఆమె వచ్చేసరికి మీరు ఇంట్లోనే ఉన్నారు కదా, సార్?

సెమినార్ పత్రాలు పుస్తకంగా వేస్తామని ఉత్తరం వచ్చింది. నా పత్రం చివర ఆ పాస్తా వంటకాన్ని చేర్చి పంపాను, ప్రతి వాక్యంలోనూ కర్తని పెట్టి: నేను నానబెట్టాను, నేను తరిగాను, ఆమె తోమింది, అతను తిన్నాడు. అనుబంధం సాహిత్యేతరంగా ఉంది, తీసెయ్యమని సంపాదకులు అడిగారు. తియ్యలేదు. పత్రం వస్తుందో రాదో తెలియదు.

మొన్న శనివారం పాస్తా నా సహచరుడు వండాడు. శనగలు నానెయ్యలేదు కాబట్టి పనీర్ తెప్పించాడు. మిరియాల పొడి ఎక్కడ అని మూడుసార్లు అడిగాడు. రెండుసార్లు చెప్పాను, మూడోసారి పుస్తకంలోంచి తలెత్తలేదు, అది నాకు చాలా కష్టమైంది. ఎనిమిదిన్నరకి తినాల్సింది తొమ్మిదీ నలభైకి తిన్నాం. అడుగంటింది. ఉప్పు తగ్గింది. అత్తయ్య ఎప్పటిలా నావైపు చూసి, “కాస్త పెరుగన్నం కలుపుతావా అమ్మా” అన్నారు. నేను లేవలేదు. ఆమె కాసేపు చూసి, కొడుకుని పిలిచారు. అతను వెళ్ళి కుక్కరు మూత తీశాడు. అందులో అన్నం లేదు.